పదో తరగతి సహాయ నిధి: 2024–25 జమా ఖర్చుల వివరణ

గ్రామ పెద్దలకు, పూర్వ విద్యార్థులకు, తల్లిదండ్రులకు నమస్కారం. మన ఊరి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతి పిల్లల కోసం నవంబరు నుంచి మీరిచ్చిన సొమ్ముకు లెక్క ఇది.

పూర్వ విద్యార్థులు 74 మంది 1,21,500 రూపాయలు ఇచ్చారు. గల్ఫ్‌లో పనిచేస్తున్న తొమ్మిది మంది 27,000 పంపారు. ఊళ్లో రైతులు, దుకాణదారుల చందా 23,200. కిరాణా దుకాణంలో పెట్టిన డబ్బాలో 1,860 పోగయింది. మొత్తం జమ 1,73,560.

ప్రభుత్వ బడికి చందాలెందుకని కొందరు అడిగారు. అడగవలసిన మాటే. మన బడిలో పిల్లలు 187 మంది. ఆ సంఖ్యకు సమగ్ర శిక్ష పథకం కింద వచ్చే పాఠశాల గ్రాంటు ఏడాదికి 50,000. అందులో పదో వంతు పరిశుభ్రతకు పోవాలి. మిగిలినదాంట్లోనే సుద్దముక్కలు, రిజిస్టర్లు, ప్రయోగశాల సామాను, మరమ్మతులు. చీకటి పడ్డాక ఆడపిల్ల ఇంటికి ఎలా చేరాలన్న పద్దు అందులో లేదు.

అందుకే మన ఖర్చులో పెద్దది ఆటో కిరాయి. ఆరు కిలోమీటర్ల దూరంలోని తండా నుంచి పదకొండు మంది అమ్మాయిలు వస్తారు. మహాలక్ష్మి పథకంతో వాళ్లకు బస్సు ఉచితమే, కానీ అటు వెళ్లే ఆఖరి బస్సు అయిదింటికే. ప్రత్యేక తరగతులు ఆరింటి దాకా. మొదట్లో నాలుగున్నర కాగానే వాళ్లు పుస్తకాలు సర్దుకుని, పాఠం వింటూనే గుమ్మం వైపు చూసేవారు. అందుకే ఆటో పెట్టాం. రెండు ట్రిప్పులకు కలిపి రోజుకు 650 చొప్పున 81 రోజులకు 52,650 అయింది. ఈ పద్దు మీద ఎవరు ప్రశ్నించినా మా నిధి కమిటీ నిలబడి జవాబు చెబుతుంది.

గణితం పోస్టు ఖాళీగా ఉండటంతో ఒక విద్యా వాలంటీరును పెట్టుకున్నాం. నెలకు 10,000 చొప్పున నాలుగు నెలలకు 40,000. సాయంత్రం గుగ్గిళ్లు, ఉప్మాకు డిసెంబరు, జనవరి నెలల్లో 44 రోజులకు 19,640. ఫిబ్రవరి నుంచి ప్రభుత్వమే తలకు 15 రూపాయల చొప్పున అల్పాహారం ఇచ్చింది గనుక అక్కడితో ఆపాం. ఆడపిల్లల మరుగుదొడ్డి తలుపులకు, నీటి పైపుకు 21,400.

కళ్లద్దాలు ఏడు, 5,950. చిన్న పద్దే అయినా చెప్పాలి. ఒక అమ్మాయి ఏడాదంతా పక్కనున్న పిల్ల నోటుబుక్కు చూసి లెక్కలు ఎక్కించుకునేది. చదువులో వెనకబడిందనుకున్నాం. అద్దాలు పెట్టుకున్న రోజు బోర్డు మీది లెక్కలో ఘాతాంకం తప్పు పడిందని లేచి చెప్పింది.

గైడ్లకు పెట్టిన 9,120 మా పొరపాటు. ప్రభుత్వం ఇచ్చే అభ్యాస దీపికలు వస్తాయో రావో కనుక్కోకుండా కొన్నాం. అవి వచ్చాక గైడ్లు పెద్దగా తెరవలేదు. గ్రంథాలయంలో భద్రపరిచాం. బ్యాంకు రుసుము 118. మొత్తం ఖర్చు 1,48,878. నిల్వ 24,682: బ్యాంకులో 24,250, చేతిలో 432.

ప్రవేశ ద్వారం కట్టి దాతల పేర్లు చెక్కించాలన్న షరతుతో వచ్చిన చందా మేము తీసుకోలేదు. ఆ మిత్రులు నొచ్చుకున్నారని తెలుసు. ద్వారం వచ్చే ఏడాదైనా కట్టవచ్చు, మార్చి పరీక్ష మాత్రం ఆగదు.

పరీక్ష రాసిన 38 మందిలో 35 మంది ఉత్తీర్ణులయ్యారు. తప్పిన ముగ్గురికీ గణితమే అడ్డం పడింది. జూన్‌లో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉంది కాబట్టి వాలంటీరును మే నెలకూ కొనసాగించాలని తీర్మానించాం. ఆ 10,000 నిల్వలోంచి ఇస్తాం. ఆ ముగ్గురిలో ఇద్దరు ఉపాధి పనికి వెళ్తున్నారు. తరగతి సాయంత్రం అయిదు నుంచి, గ్రంథాలయం వరండాలో. వాళ్ల ఇళ్ల పక్కనున్నవారు ఆ వేళకు గుర్తుచేసి పంపగలరు.

రశీదులు, బిల్లులు, బ్యాంకు పాసుబుక్కు గ్రంథాలయంలోనే బీరువాలో ఉన్నాయి. ఆదివారం ఉదయం ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు.