పౌర విమానయాన మంత్రి గారికి: సంచి వదలమని మాకు తెలుగులో చెప్పించండి

కావలి, నెల్లూరు జిల్లా

గౌరవనీయులైన కేంద్ర పౌర విమానయాన శాఖ మంత్రి శ్రీ కింజరాపు రామ్మోహన్ నాయుడు గారికి,

నమస్కారం. నేను కావలి మండలంలో ఒక ప్రభుత్వ పాఠశాలలో లెక్కలు చెప్పే టీచరుని. ఇరవై రెండేళ్ల సర్వీసులో నేను విమానం ఎక్కింది రెండే సార్లు. మా అక్క మాత్రం పద్నాలుగేళ్లుగా ఎక్కుతూ దిగుతూనే ఉంది. ఆమెలాగే ఉదయగిరి, ఆత్మకూరు, కనిగిరి వైపు పల్లెల నుంచి కువైట్‌కీ దుబాయ్‌కీ మస్కట్‌కీ వెళ్లి ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు ఎందరో ఉన్నారు. విమానంలో పొగో మంటో వస్తే వాళ్లు చేతి సంచి వదిలేసి ప్రాణాలతో బయటపడాలి. దానికోసం మీ శాఖ చెయ్యగలిగిన పనులు కొన్ని ఉన్నాయని ఈ ఉత్తరం రాస్తున్నాను.

అక్క కువైట్‌లో ఒక ఇంట్లో వంట చేస్తుంది. మొన్న సంక్రాంతికి వస్తున్నప్పుడు ఆమె ఎక్కిన విమానం చెన్నైలో దిగి, ఇంకా మెల్లగా కదులుతుండగానే లోపల కాలిన వాసన వచ్చిందట. పలచగా పొగ కూడా కనిపించిందట. ఎవరో "మంట" అని కేక పెట్టారు. విమానం ఆగింది. ఆగడం ఆలస్యం, బెల్టులు ఊడదీసి అందరూ లేచి పైన సామాను అరలు తెరిచారు. అక్క కూడా లేచింది. ఏడు కిలోల సంచి రెండు చేతులా పట్టి లాగితే అది జారి వెనక సీటు పెద్దావిడ భుజం మీద పడింది. ఆవిడ అక్కడే కూలబడింది. నడిచే దారి మొత్తం మనుషులూ పెట్టెలే. సిబ్బంది ఇంగ్లీషులో, హిందీలో గట్టిగా అరుస్తున్నారు. అక్కకి వంటింటికి సరిపడా అరబ్బీ వచ్చు గానీ ఆ రెండు భాషలూ రావు. తొందరగా తీసుకుని దిగండి అంటున్నారేమో అనుకుందట.

ఆ రోజు అత్యవసర తలుపులు తెరవాల్సిన అవసరం రాలేదు. ఏసీలో లోపమని చెప్పి, కాసేపు కూర్చోబెట్టి, మామూలుగానే మెట్ల మీదుగా దింపారు. ఇంటికొచ్చిన నాలుగు రోజుల దాకా అక్క ఈ సంగతి ఎత్తలేదు. భోగి ముందు రోజు రాత్రి అరిసెలు వత్తుతూ చెప్పింది: "ఆ ముసలామె నా కళ్ల ముందే ఉండాదిమే. నాకు సంచే కనపడింది."

ఆ సంచిలో ఏముందని అడిగాను. పాస్‌పోర్టు. సివిల్ ఐడీ, అంటే కువైట్ ప్రభుత్వం ఇచ్చే గుర్తింపు కార్డు. కూతురి పెళ్లికని కొన్న నాలుగు సవర్ల గాజులు. రెండు నెలల జీతం దినార్లు. షుగరు మాత్రలు. పాలపొడి డబ్బాలూ చాక్లెట్లూ కింద వేసిన పెద్ద పెట్టెలో ఉన్నాయి, అవి పోయినా ఆమెకి బాధ లేదు. మళ్లీ కువైట్ వెళ్లాలంటే కావాల్సినవీ, వెళ్లి సంపాదించుకొచ్చినవీ అన్నీ ఆ చిన్న సంచిలోనే ఉన్నాయి. సంచి పట్టుకుని పరిగెత్తేవాళ్లది దురాశ అని, బుద్ధిలేనితనం అని తిట్టేవాళ్లు ఈ జాబితా ఒకసారి చదవాలని నా కోరిక.

అయినా అక్క చేసింది తప్పే. ఎంత తప్పో ఆమెకి కాగితం మీద లెక్క వేసి చూపించాను. విమానం నమూనాకి అనుమతి ఇచ్చేటప్పుడు ఒక పరీక్ష పెడతారు. సగం తలుపులు పనిచెయ్యవనుకుని, నిండుగా ఉన్న విమానంలో అందరూ 90 సెకన్లలో బయటపడాలి. మన దేశంలో బాగా తిరిగే ఎయిర్‌బస్ ఎ320లో 180 సీట్లు అనుకుందాం. దానికి ఎనిమిది దారులు, అందులో సగం అంటే నాలుగు. ఒక్కో దారికి 45 మంది, 90 సెకన్లు. మనిషికి రెండే సెకన్లు. తలుపు తెరుచుకుని, కిందికి దిగడానికి వాడే జారుడుబల్ల గాలి నింపుకునే సమయం కూడా ఇందులోనే. ఒక్కరు అర తెరిచి సంచి దించడానికి పది సెకన్లు దారికి అడ్డంగా నిలబడితే అయిదుగురి వంతు పోయినట్టు. అలాంటివాళ్లు నలుగురుంటే ఇరవై మంది. ఆ పరీక్షలో పాల్గొనేవాళ్లు ఎవరూ ఆగి పై అర లోంచి పెట్టె దించరు. అంటే మన విమానాల భద్రత లెక్క అంతా "ఎవరూ సంచి తియ్యరు" అన్న నమ్మకం మీద నిలబడి ఉంది.

నిజంలో తీస్తారు. అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి 2000లో విడుదల చేసిన అధ్యయనంలో, చేతి సామాను తెచ్చుకున్న ప్రయాణికుల్లో దాదాపు సగం మంది దిగేటప్పుడు దాన్ని తీసుకోబోయామని చెప్పారు. కాబట్టి ఇది మనవాళ్ల చదువూ సంస్కారాలకి సంబంధించిన సంగతి కాదు. భయంలో చెయ్యి అలవాటైన చోటికే పోతుంది.

విమానం తలుపు నేలకి పది పదిహేను అడుగుల ఎత్తున ఉంటుంది. గాలి నింపిన ఆ గుడ్డ జారుడుబల్ల మీద పెట్టె చక్రాలో, ఇనప మూలో గీసుకుంటే అది చిరగొచ్చు. ఒకటి చిరిగిందంటే ఒక దారి మూసుకున్నట్టే. కింద దిగినవాడు పక్కకి జరిగేలోపు పై నుంచి సంచితో వచ్చిన మనిషి వాడి మీద పడతాడు. ఇక పొగ. 1985 ఆగస్టు 22న ఇంగ్లండులో మాంచెస్టర్ విమానాశ్రయంలో, ఇంకా నేల వదలని విమానంలో 55 మంది చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మందిని తీసుకుపోయింది పొగే. లోపలి సీట్లూ గోడలూ కాలితే వచ్చే విషవాయువులు పీల్చిన మనిషి నాలుగడుగులు కూడా వెయ్యలేడు.

2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుంచి దుబాయ్ వెళ్లిన ఎమిరేట్స్ విమానం మీకు గుర్తుండే ఉంటుంది. 300 మంది ఉన్నారు, ఎక్కువ మంది భారతీయులే, గల్ఫ్‌లో పనిచేసుకునే మన కేరళ సోదరులే. విమానం రన్‌వే మీద పొట్టతో జారి ఆగింది, మంటలు మొదలయ్యాయి. లోపల తీసిన వీడియో నేను అక్కకి చూపించాను. పొగ కమ్ముతోంది, సిబ్బంది సంచులు వదలండని అరుస్తున్నారు, జనం అరలు తెరిచి లాగుతూనే ఉన్నారు. 300 మందీ బతికి బయటపడ్డారు. దాదాపు తొమ్మిది నిమిషాలకి ఇంధనం ట్యాంకు పేలింది. ఆ పేలుడులో మంటలార్పడానికి వచ్చిన ఒక అగ్నిమాపక ఉద్యోగి చనిపోయాడు. వీడియో అయ్యేసరికి అక్క ముఖం చేతుల్లో దాచుకుంది.

2024 జనవరి 2న టోక్యో హనేడా విమానాశ్రయంలో జరిగింది కూడా చూపించాను. దిగుతున్న జపాన్ ఎయిర్‌లైన్స్ విమానం రన్‌వే మీదున్న తీరరక్షక దళం విమానాన్ని ఢీకొట్టింది. ఆ చిన్న విమానంలో అయిదుగురు పోయారు. పెద్ద విమానంలో 379 మంది. ఎనిమిది తలుపుల్లో మూడే పనికొచ్చాయి. లోపలి మైకు పనిచెయ్యలేదు. సిబ్బంది మెగాఫోన్లతో, గొంతు చించుకుని చెప్పారు, తమ జనం మాట్లాడే భాషలో. దాదాపు అందరూ వట్టి చేతులతో దిగారు. 379 మందీ బతికారు, విమానం మాత్రం కాలి బూడిదైంది. ఆ సంస్థ తన భద్రతా వీడియోలో సంచి తీస్తే దారి ఎట్లా మూసుకుపోతుందో, జారుడుబల్ల ఎట్లా చిరుగుతుందో ముందే బొమ్మల్లో చూపిస్తుంది. వద్దు అని చెప్పి ఊరుకోకుండా ఎందుకు వద్దో కూడా చెప్పింది. బడిలో పిల్లలకి కూడా కారణం చెబితేనే నిలుస్తుంది, ఇది నా ఇరవై రెండేళ్ల అనుభవం.

అయ్యా, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మీ శ్రీకాకుళాన్ని ఎట్లా అల్లాడించిందో మీకు తెలుసు. జనాన్ని ఇళ్లలోంచి కదిలించడం ఎంత కష్టమో మీకు నేను చెప్పక్కర్లేదు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకి మా బడిని పునరావాస కేంద్రం చేశారు. తుమ్మలపెంట పట్టపుపాలెం నుంచి వచ్చినవాళ్లకి అన్నం వడ్డించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఆ రోజు ఒకటి గమనించాను. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టి నడుముకో రొమ్ముకో కట్టుకున్న ఇళ్లవాళ్లు ముందు వచ్చారు. అవి పెట్టెలో ఉన్నవాళ్లు సగం దారి వచ్చి వెనక్కి పోయారు. ఒకాయన వల పోయినా దిగుల్లేదమ్మా, కార్డు పోతే నష్టపరిహారం ఎవరిస్తారు అన్నాడు. ఆయన భయం గాలికీ వానకీ కాదు, తర్వాత ఆఫీసు కిటికీ ముందు నిలబడాల్సిన రోజులకి. మా అక్క భయం కూడా అదే.

అందుకే, సంచి తీసినవాళ్లకి జరిమానా వెయ్యాలని కొందరు అనే మాట నాకు నచ్చలేదు. అన్నీ పోతాయని భయపడే మనిషి జరిమానాకి భయపడదు. పైన అరలకి తాళాలు పడేట్టు చెయ్యాలని కొందరు నిపుణులు అంటున్నారు, పరిశీలించవచ్చు. కానీ తాళం పడిందని తెలియని మనిషి ఆ తలుపు పట్టుకుని గుంజుతూ అక్కడే నిలబడితే ఇంకా ప్రమాదం కదా.

నేను అడిగేది మొదట భాష. హైదరాబాద్, విజయవాడ నుంచి, అలాగే మా నెల్లూరు ప్రకాశం వాళ్లు ఎక్కువగా వెళ్లే చెన్నై నుంచి గల్ఫ్‌కి పోయే ప్రతి విమానంలో భద్రతా సూచనలు తెలుగులో కూడా చెప్పాలని, విమానాల భద్రత చూసే మీ డీజీసీఏ ద్వారా ఆదేశం ఇప్పించండి. సిబ్బంది తెలుగువాళ్లు కాకపోయినా రికార్డు చేసి వినిపించవచ్చు. అత్యవసరంలో అరవాల్సిన రెండు మాటలు మాత్రం నోటికి నేర్పించాలి: "సంచులు వదలండి! దూకండి!" గ్రాంథికం వద్దు. "మీ యొక్క సామగ్రిని పరిత్యజించగలరు" అంటే పొగలో ఎవరికీ ఎక్కదు.

బయలుదేరేటప్పుడూ దిగేటప్పుడూ ఇంకొక మాట చెప్పించండి. పాస్‌పోర్టు, మందులు, ఫోను ఒంటి మీదే పెట్టుకోండి అని. ఇది సంచి మీద ఆశ తగ్గించే మాట. మనవాళ్లు పాస్‌పోర్టు పోతుందేమో అనే భయంతో సంచిలో అడుగున, మూడు చీరల మధ్య పెడతారు. విదేశాల్లో పనికి వెళ్లేవాళ్లకి ప్రయాణానికి ముందు విదేశాంగ శాఖ ఇచ్చే శిక్షణలో ఒక పావుగంట దీనికి కేటాయించమని ఆ శాఖకి మీరు ఒక లేఖ రాస్తే చాలు.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రభుత్వం మాట ఇవ్వడం. విమాన ప్రయాణాల్లో జరిగే నష్టాలకి పరిహారం గురించి దేశాలు చేసుకున్న 1999 నాటి మాంట్రియల్ ఒప్పందంలో మన దేశం 2009లో చేరింది. దాని ప్రకారం విమాన సంస్థకి అప్పజెప్పిన పెట్టెకి ఒక న్యాయం, చేతి సంచికి ఇంకొక న్యాయం. చేతి సంచి పోతే సంస్థ తప్పు ఉన్నప్పుడే బాధ్యత. సిబ్బంది వదలమంటే వదిలి దూకిన మనిషి, తర్వాత తప్పు ఎవరిదో రుజువు చేసుకుంటూ తిరగాలా? దుబాయ్ ప్రమాదం తర్వాత ఎమిరేట్స్ కొద్ది రోజుల్లోనే ఒక్కొక్కరికి 7,000 డాలర్లు ప్రకటించింది, అందులో 2,000 సామానుకి. అలాంటిది ఒక సంస్థ మంచితనం మీద ఆధారపడకూడదు, నియమంగా ఉండాలి. ఆదేశం మీద సంచి వదిలినవాళ్లకి రుజువులు అడక్కుండా ఒక కనీస మొత్తం, కొన్ని రోజుల్లో ఉచితంగా కొత్త పాస్‌పోర్టు, సివిల్ ఐడీ లాంటి పత్రాలకి మన రాయబార కార్యాలయం సాయం. నాలుగు సవర్ల గాజులకి అది సరిపోకపోవచ్చు. కానీ మళ్లీ పనిలోకి వెళ్లగలనన్న ధైర్యం వస్తే చెయ్యి వదులుతుంది. ఆ హామీని టికెట్ మీద తెలుగులో ముద్రించాలి, విమానం కదిలే ముందు వినిపించాలి కూడా.

ఆ ప్రకటన నేనే రాసి చూశాను. మీ అధికారులు ఎట్లా కావాలంటే అట్లా దిద్దుకోవచ్చు: "అమ్మా, అయ్యా! పొగ గానీ మంట గానీ వస్తే సంచి ముట్టుకోవద్దు. మీరు ఒక్క సంచి తీసే సమయంలో వెనకున్న అయిదుగురు దిగిపోవచ్చు. పాస్‌పోర్టు, మందులు ఇప్పుడే ఒంటి మీద పెట్టుకోండి. వదిలిన సామానుకి ప్రభుత్వం పూచీ." చదవడానికి పావు నిమిషం పట్టింది.

మా దగదర్తిలో విమానాశ్రయం కడతామని ఏళ్లుగా వింటున్నాం. అది వచ్చేదాకా ఆగాల్సిన పని కాదిది.

అక్క ఫిబ్రవరిలో తిరిగి వెళ్లింది. వెళ్లే ముందు రోజు నా పాత కాటన్ చీర కొంగు కత్తిరించి, జిప్పు వేసి, నడుముకి కట్టుకునే చిన్న సంచి కుట్టుకుంది. పాస్‌పోర్టు, సివిల్ ఐడీ, మాత్రల అట్ట అందులో సరిపోయాయి. గాజులు ఇక్కడే లాకర్‌లో పెట్టాం. శ్రావణంలో కూతురి పెళ్లికి మళ్లీ వస్తుంది. ఆ విమానంలో ఆ మాటలు తెలుగులో వినిపిస్తే చెన్నైలో దిగగానే నాకు ఫోన్ చేసి చెప్పమన్నాను.

ఇట్లు,
ఒక గణిత ఉపాధ్యాయురాలు,
కావలి మండలం