తాడు మందం ఎంత అని అడిగావు కదా, నాన్నా

మ్యూనిక్,
ఫిబ్రవరి 16

నాన్నకు,

నేను క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందని విన్నాక మనసు కుదుటపడింది.

పోయిన నెల మంచుకొండ మీద నుంచి నేను పంపిన ఫొటో చూసి, చెవులకు టోపీ ఎందుకు పెట్టుకోలేదని అమ్మ కోప్పడింది. నువ్వు మాత్రం నా వెనక గాలిలో వేలాడుతున్న కేబుల్ కారు గాజు పెట్టెను చూసి, "తాడు మందం ఎంత? ఎన్నేళ్లకు మారుస్తారు?" అని అడిగావు. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. హార్బరు క్రేన్ల కింద ముప్పై ఏళ్లు ఖలాసీగా పనిచేసిన మనిషికి ఫోనులో రెండు ముక్కలు చెప్పి సరిపెట్టాలనిపించలేదు. అందుకే తెలుసుకుని తీరిగ్గా రాస్తున్నాను.

మందం 72 మిల్లీమీటర్లు. నీ మణికట్టు కన్నా కాస్త లావు. అలాంటివి నాలుగు ఉన్నాయి, ఒక్కో పెట్టె దారికి రెండేసి. ఒక్కో తాడు బరువు 153 టన్నులు. పెట్టె బరువు సంగతి తర్వాత, ముందు ఈ తాళ్ల బరువును తాళ్లే మోసుకోవాలి.

ఆ కొండ పేరు త్సుగ్‌ష్పిట్సె. ఎత్తు 2,962 మీటర్లు, జర్మనీలో అంతకన్నా ఎత్తైన శిఖరం లేదు. అవతలి వాలు ఆస్ట్రియాది. కింద ఐబ్సే అనే సరస్సు ఉంది. దాని ఒడ్డున ఎక్కితే ఈ కేబుల్ కారు పది నిమిషాల్లో 1,945 మీటర్ల ఎత్తు ఒకే ఊపున తీసుకువెళుతుంది. చలికాలంలో ఎక్కేవాళ్లలో చాలామంది పైన స్కీయింగ్ చేయడానికి వచ్చేవాళ్లే. పొడవాటి స్కీ పలకలు భుజాన పెట్టుకుని, బరువైన బూట్లు టకటకలాడిస్తూ గుంపులుగా వస్తారు. 1963 నాటి పాత కేబుల్ కారులో ఒక్కసారికి 44 మందే పట్టేవారు. ఇప్పటి పెట్టెలో 120 మంది నిలబడవచ్చు, గంటకు 580 మంది పైకి చేరతారు.

ఇది పనిచేసే పద్ధతి నీకు విడమరచి చెప్పనక్కరలేదు. తాతయ్యగారి పెరట్లో నూతి గిలక గుర్తుందా? తాడుకు రెండు కొసల్లో రెండు బొక్కెనలు, ఒకటి దిగితే రెండోది పైకొచ్చేది. ఇక్కడా అంతే. రెండు పెట్టెలూ ఒకదాన్నొకటి తూకం వేసుకుంటాయి, మోటారు మోయవలసింది ఆ తేడానే. లావు తాళ్లు కదలవు, అవి పట్టాలు. వాటి మీద చక్రాలు దొర్లుతాయి. లాగే పని వేరే తాడుది. గొండోలా అనేది దీనికి భిన్నం. అందులో సాధారణంగా మోసేదీ లాగేదీ ఒకే తాడు. అది ఆగకుండా తిరుగుతూ ఉంటుంది, చిన్న చిన్న పెట్టెలు స్టేషన్‌లో దాన్ని వదిలి, మనుషులు ఎక్కాక మళ్లీ పట్టుకుంటాయి. ఈ రెండింటినీ కలిపిన రకం కూడా ఉంది. స్విట్జర్లాండ్‌లోని గ్రిండెల్‌వాల్డ్‌లో 2020 డిసెంబరులో మొదలైన ఐగర్ ఎక్స్‌ప్రెస్ అలాంటిది. మోసే తాళ్లు రెండు, లాగేది ఒకటి, పెట్టెలు 44.

కట్టిన తీరు వింటే నీకు ముచ్చటేస్తుంది. పాతదానికి దారిలో రెండు టవర్లుండేవి, కొత్తదానికి ఒక్కటే. 127 మీటర్ల ఉక్కు టవరు, చార్మినార్ మీద ఇంకో చార్మినార్ పెట్టినా దాని కొసకు అందదు. అది దాటాక శిఖరం దాకా 3,213 మీటర్లు మధ్యలో ఏ ఆధారమూ లేదు. 2017 డిసెంబరు 21న మొదలైనప్పుడు అది ప్రపంచ రికార్డు. టవర్లు తగ్గితే ఆ నిటారు వాలులో పునాదులు తవ్వే బాధ తగ్గుతుంది, కానీ ఆ భారమంతా తాడు బిగువు మీదా, రెండు కొసల్లోని పట్టు మీదా పడుతుంది. పైన ఆ పట్టు దొరకాల్సింది రాతిలో. శిఖరం మీద క్రేను నిలబెట్టి మంచులో, గాలిలో పనిచేశారు. సామాను మోయడానికే ఒక రోప్‌వే విడిగా వేసుకున్నారు. ఆ పని జరుగుతున్నంతసేపూ పక్కన పాత కేబుల్ కారు 2017 ఏప్రిల్ దాకా జనాన్ని మోస్తూనే ఉంది. పెద్ద తాడును ఒక్కసారిగా పైకి లాగలేరు. ముందు సన్నని తాడు వెళుతుంది, దాంతో ఇంకాస్త లావుది, చివరికి అసలుది. దారంతో తాడు, తాడుతో మోకు.

ఇప్పుడు అసలు విషయం. మా ఆఫీసులో ఒకతని బల్ల మీద, కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకునే ఉక్కు బిళ్ల ఉంది. అది ఇలాంటి పాత తాడును అడ్డంగా కోసిన ముక్క. చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గర చూశాను. నువ్వు చూపించే వైర్ రోప్‌లా పేటలు మెలివేసినట్టు లేదు. మధ్యలో గుండ్రటి తీగలు, బయటి వరుసల్లో జెడ్ అక్షరంలా వంకర తిరిగిన తీగలు. తలుపు పలకల్లో ఒకదాని గాడిలో రెండోదాని నాలుక కూర్చున్నట్టు, ప్రతి తీగా పక్కదాన్ని పట్టుకుని ఉంది. వేలితో రాస్తే అంచు నున్నగా తగిలింది. బయటి తీగ ఒకటి తెగినా పక్కవి దాన్ని ఊడి రానివ్వవట. చక్రం నునుపుగా దొర్లుతుంది, తడి లోపలికి దిగదు.

నాకు వెంటనే నీ కాటన్ వేస్టు గుర్తొచ్చింది. డ్యూటీ దిగేముందు పిడికెడు తీసుకుని తాడు వెంబడి తుడుచుకుంటూ వెళ్లేవాడివి. ఎక్కడైనా పీచు చిక్కుకుంటే అక్కడ తీగ తెగిందన్నమాట. నన్ను ఒకసారి పక్కన నిలబెట్టి చూపించావు, నాకు అప్పుడు తొమ్మిదేళ్లు. ఇక్కడ అదే పని అయస్కాంతంతోనూ చేస్తారు. తాడు చుట్టూ ఒక పరికరం తొడిగి నడిపిస్తే, లోపల తెగిన తీగను కూడా పట్టుకుంటుంది. తెగిన తీగలు లెక్కపెట్టి, హద్దు దాటితే తాడును పక్కన పెట్టడం మాత్రం నీకు తెలిసిన లెక్కే.

ఎన్నేళ్లకు మారుస్తారన్నావు. మోసే తాడును క్రేను తాడులా తరచుగా మార్చరు, దశాబ్దాలు ఉంటుంది. కానీ టవరు మీద వంగిన చోటే ఎప్పుడూ అరుగుతుంది కదా, అందుకని కొన్నేళ్లకొకసారి తాడును కొన్ని మీటర్లు జరుపుతారు. దానికి కావలసిన అదనపు పొడవును మొదటే కాంక్రీటు దిమ్మె చుట్టూ చుట్టి ఉంచుతారు. ఓడను జెట్టీకి కట్టేసే బొల్లార్డే అది, నాన్నా. అంత బిగువునూ ఆ చుట్ల రాపిడే పట్టి ఉంచుతుంది.

ఒక మాట దాచకుండా చెప్పాలి, అమ్మకు కూడా చదివి వినిపించు. 2018 సెప్టెంబరులో రక్షణ సాధన చేస్తుండగా సహాయక బండి అదుపు తప్పి జారి, ఒక పెట్టెను గుద్దింది. పెట్టె బాగా దెబ్బతింది. లోపల ఎవరూ లేరు, ఎవరికీ గాయం కాలేదు. బాగుచేసి డిసెంబరులో మళ్లీ మొదలుపెట్టారు. గాలి ఎక్కువగా ఉన్న రోజున అసలు నడపరు. కైలాసగిరి రోప్‌వే ఎక్కినప్పుడు అమ్మ నా చెయ్యి వదలలేదు, ఇక్కడ ఇంకా గట్టిగా పట్టుకుంటుందని తెలుసు. అయినా మేలో మీరిద్దరూ వచ్చినప్పుడు తీసుకువెళ్లాలని ఉంది. పైన గాలి పలచన, ఒకసారి బీపీ చూపించుకుని రండి. అమ్మకు ఉన్ని సాక్సులు రెండు జతలు పెట్టండి.

ఇక నువ్వు నాకు జవాబు రాయాలి. గొండోలా తాడు వలయంలా తిరుగుతుంది కాబట్టి రెండు కొసలనూ ఎక్కడో ఒకచోట కలపాలి. ఆ అతుకు లావు కాకూడదు, లేకపోతే కప్పీల మీద ఎగురుతుంది. నడిమి పీచు తీసేసి, పేటల కొసలను ఆ ఖాళీలోకే దూర్చి, పదుల మీటర్ల పొడవునా అల్లుతారని చదివాను. నువ్వు బరువులు కట్టి ఎత్తే సిలింగు తాడు కొసకు కన్ను, అదే ఆ ఉచ్చు, వేసేటప్పుడు ఒక్కో పేటను ఎన్నిసార్లు దూర్చేవాడివి? జారిపోకుండా ఆఖరి కొసను ఏం చేసేవాడివి? బొమ్మ గీసి పంపు.

నీ చిట్టి