పాత కారుకు ఎలక్ట్రిక్ ఫ్యాన్ సరే, ఫ్యూజు ఏది?

సంపాదకులు గారికి నమస్కారం.

మిర్యాలగూడలో నాకు ఆటో ఎలక్ట్రికల్ షాపు ఉంది. పాత అంబాసిడర్లకు, పద్మినీలకు ఇంజిన్ ఫ్యాన్ తీసేసి ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టించుకోవడం మా వైపు బాగా పెరిగింది. ఆ పని తప్పని నేననను. బిగిస్తున్న తీరు చూస్తేనే భయమేస్తోంది.

ఈ కార్లలో ఫ్యాన్ రెక్కలు వాటర్ పంపుకే ఉంటాయి, బెల్టుతో తిరుగుతాయి. అద్దంకి–నార్కట్‌పల్లి రోడ్డు మీద 60లో పోతుంటే ఎదురుగాలే రేడియేటర్‌కు చాలు. ఫ్యాన్‌తో అసలు పని పడేది బరాత్‌లో. పూలతో ముస్తాబైన అంబాసిడర్ బ్యాండు వెనక గంటల తరబడి నత్తనడక నడుస్తుంది. ఇంజిన్ స్లో కాబట్టి ఫ్యానూ స్లో. మే నెల వేడికి రేడియేటర్‌లో నీళ్లు మరుగుతాయి. ఎలక్ట్రిక్ ఫ్యాన్‌కు ఇంజిన్ స్పీడుతో సంబంధం లేదు. అందుకే జనం అడుగుతున్నారు.

కానీ కొందరు బ్యాటరీ నుంచి సన్న వైరు లాగి, డ్యాష్‌బోర్డు కింద మామూలు స్విచ్చు పెట్టి డైరెక్ట్ చేసేస్తున్నారు. ఈ ఫ్యాన్ 10 ఆంప్స్ దాకా లాగుతుంది, తిరగడం మొదలయ్యేటప్పుడు ఇంకా చాలా ఎక్కువ. స్విచ్చు మాడుతుంది, వైరు తొడుగు కరుగుతుంది. ఫ్యూజు లేకపోతే మంటను ఆపేదేముంది? పోయిన పెళ్లిళ్ల సీజన్‌లో అలాంటి కారే నా దగ్గరికి వచ్చింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు వెనక సీట్లో ఉండగానే పొగ లేచిందట. డ్రైవర్ వెంటనే బ్యాటరీ వైరు పీకేశాడు కాబట్టి ప్రాణాలు దక్కాయి. వైర్లన్నీ ఒకదానికొకటి అతుక్కుని ముద్దగా ఉన్నాయి.

బ్యాటరీకి దగ్గర్లోనే ఫ్యూజు ఉండాలి. ఫ్యాన్ కరెంటు లావు వైరులో, రిలే (కొద్ది కరెంటుతో పెద్ద కరెంటును ఆన్, ఆఫ్ చేసే స్విచ్చు) మీదుగా పోవాలి. రేడియేటర్ వేడిని బట్టి దానంతటదే ఆన్, ఆఫ్ అయ్యే టెంపరేచర్ స్విచ్చు ఆ రిలేను నడపాలి. బరాత్ హడావుడిలో డ్రైవర్ స్విచ్చు వేయడం మర్చిపోతాడేమో అన్న టెన్షన్ కూడా ఉండదు. రిలే, ఫ్యూజు, హోల్డరు కలిపి కొన్ని వందల రూపాయలే. బ్యాటరీని చార్జ్ చేయడానికి ఇంకా పాతకాలం డైనమోయే ఉన్న కారైతే, ముందు దాని బదులు ఆల్టర్నేటర్ పెట్టించాలి. ఇంజిన్ స్లోగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, ఫ్యాన్ బ్యాటరీని పీల్చేస్తుంది.

మన జిల్లా బోరు నీళ్ల సంగతి అందరికీ తెలిసిందే. ఏళ్ల తరబడి అవే పోసిన రేడియేటర్ లోపల ఉప్పు గట్టిపడి ఉంటుంది. అది శుభ్రం చేయించి కూలెంట్ పోయకుండా ఎంత పెద్ద ఫ్యాన్ పెట్టినా డబ్బు దండగ.

15 ఏళ్లు దాటిన సొంత కార్లకు రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేసేటప్పుడు అధికారులు బండిని ఎలాగూ చూస్తారు. అప్పుడే బానెట్ ఎత్తించి, తర్వాత బిగించిన ఫ్యాన్‌కు ఫ్యూజు, రిలే ఉన్నాయో లేదో చూడాలని, లేని బండిని సరిచేసుకుని రమ్మని వెనక్కి పంపాలని రవాణా శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక ఆటో ఎలక్ట్రీషియన్, మిర్యాలగూడ, నల్లగొండ జిల్లా