ఊరికే చదివే పత్రికా, కొనుక్కుని చదివే పత్రికా

విశాఖపట్నం,
ఆదివారం రాత్రి

ఒరేయ్ సూరీ,

నీ ఉత్తరం వచ్చి ఎన్నాళ్లయిందో లెక్కపెట్టవద్దు. నేను లెక్కపెట్టి సిగ్గుపడ్డాను, ఆ సిగ్గుతోనే మరో మూడు వారాలు గడిపేశాను. అమ్మకు శుక్లం ఆపరేషన్ బాగా జరిగింది, ఇప్పుడు ఇంట్లో దుమ్మంతా కనిపిస్తోందని నన్ను తిడుతోంది. స్కూటర్ అమ్మేశాను. మన కొబ్బరిబొండాం మేష్టారు రిటైరయ్యారు. పెళ్లి సంగతి అడగవద్దు. వార్తలు సమాప్తం.

అసలు విషయం, నేనొక కేసు రిపోర్టు రాశాను, ఒక్క రోగి గురించి వైద్య పత్రికకు రాసే వ్యాసం. నవ్వకు. రెండో ఏడాది రికార్డు పుస్తకం నీది చూసి, నీ తప్పులతో సహా ఎక్కించిన వాడినే, ఒప్పుకుంటాను.

ఒకావిడ మా వార్డులో చేరింది. ఊరు, వయసు, చేసే పని నీకు కూడా రాయను. తన భర్త స్థానంలో అచ్చం ఆయనలాగే ఉన్న వేరెవరో వచ్చి కూర్చున్నారని ఆవిడ నమ్మకం. కాప్‌గ్రా సిండ్రోమ్. పరీక్ష ముందు రాత్రి మేడ మీద నువ్వు కాకిలా ‘గ్రా, గ్రా’ అని అరిచి నాకు నేర్పావే, అదే. 1923లో జోసెఫ్ కాప్‌గ్రా రాసిన ఆ ఫ్రెంచి రోగి సంగతి పుస్తకంలో చదివినప్పుడు కథలా అనిపించింది. ఎదురుగా చూడటం వేరు. ‘ఇతను మంచివాడే డాక్టరుగారూ, వేళకు అన్నం తెస్తున్నాడు. కానీ మా ఆయన కాదు’ అనేది. ఆయన పక్కనే నిలబడి క్యారియర్ గిన్నెలు విప్పుతూ ఉండేవాడు.

నాకెందుకో ఇదే జబ్బు మీద మెదడు పరిశోధకులు రామచంద్రన్, హిర్‌స్టీన్ 1997లో రాసిన వ్యాసం గుర్తొచ్చింది. తలకు దెబ్బ తగిలిన ఒక యువకుడు తల్లిదండ్రులను చూస్తే వేషధారులనేవాడు, ఫోనులో మాత్రం గుర్తుపట్టేవాడు. సరే చూద్దామని ఆవిడ భర్తను మెట్ల దగ్గరకు పంపి, సిస్టర్ ఫోనుకు చేయమన్నాను. ఆవిడ తీసింది. ‘ఎక్కడికి పోయారండీ ఇన్నాళ్లు? ఇక్కడ మీలాగే ఉన్నాయన ఒకడు తిరుగుతున్నాడు, త్వరగా రండి’ అంది.

సూరీ, నాకు ఒళ్లు జలదరించింది. మొహం గుర్తుపట్టే దారి బాగానే ఉందట, ఆ మొహాన్ని చూడగానే ‘మనవాడు’ అనిపించే దారి తెగుతుందట. గొంతుకు దారి వేరు. చదువుకున్నదే. అయినా ఆయన ఫోను పెట్టేసి మెట్లెక్కి వస్తుంటే, ఆవిడ మళ్లీ పరాయివాడిని చూసినట్టు పమిట సర్దుకుంది.

రక్తపరీక్షలో టిఎస్‌హెచ్ వంద దాటింది, థైరాయిడ్ మందగిస్తే పెరిగే హార్మోన్ అది. నాలుగైదు దగ్గర ఆగవలసింది! థైరాయిడ్ మాత్రలు మానేసి ఏడాదిన్నర అయిందట. మాత్రలు తిరిగి మొదలుపెట్టి, భ్రమలు తగ్గించే రిస్పెరిడోన్ కొద్దిగా ఇచ్చాం. ఆరో వారం ఒక పొద్దున క్యారియర్ తెచ్చిన ఆయనను చూసి, ‘ఇలా చిక్కిపోయారేమిటండీ’ అంది. అంతే. నేను ఆ రోజు ఓపీలో ఒక్కరి మీద కూడా విసుక్కోలేదు.

రాయడం పది రోజులు పట్టింది. ఎక్కడికి పంపాలో తేల్చుకోవడానికి నాలుగు నెలలు! మా పెద్దసారు మొదట అడిగింది ‘ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎంత?’ అని, అంటే ఆ పత్రిక వ్యాసాలను ఇతరులు సగటున ఎన్నిసార్లు ఉదహరిస్తారని. మా అత్తయ్య పెళ్లికొడుకు జీతం అడిగే గొంతు అదే. మొదట పంపిన చోటి నుంచి నాలుగో రోజుకే జవాబు: కొత్తదనం లేదు. నిజమే, ఆషర్ అనే బ్రిటిష్ డాక్టరు 1949లోనే థైరాయిడ్ మందగించి మతి చలించిన పద్నాలుగు మంది గురించి రాసి పెట్టాడు. పైగా కేసు రిపోర్టులను ఇతరులు ఉదహరించేది తక్కువ, అచ్చువేస్తే పత్రిక సగటు పడిపోతుంది. అందుకే చాలా పత్రికలు వాటిని గుమ్మంలోనే ఆపేస్తాయి, లేదంటే ఎడిటరుకు ఉత్తరంగా కుదించి పంపమంటాయి. బీఎంజే కేస్ రిపోర్ట్స్ అనే బ్రిటిష్ పత్రిక చూశాను. అందులో రోగి తన మాటల్లో చెప్పుకునే భాగం ఉంటుంది, అది నాకు బాగా నచ్చింది. కానీ రాసేవాళ్లలో ఒకరికైనా, లేదా ఆసుపత్రికైనా, ఏడాది సభ్యత్వం ఉండాలి. మాకు లేదు. మరోచోట అచ్చు రుసుము చూసి కంప్యూటర్ మూసేశాను. నా రెండు నెలల జీతం!

మధ్యలో మెయిల్ పెట్టె నిండా ప్రేమలేఖలు. ‘పూజ్య ప్రొఫెసర్ గారూ, మీ అమూల్య రచన మాకు పంపండి, మూడు రోజుల్లో ప్రచురిస్తాం’ అని. ఒకటి దంతవైద్య పత్రిక నుంచి, ఒకటి చేపల పెంపకం పత్రిక నుంచి. డబ్బు తీసుకుని సరిగా చూడకుండానే అచ్చువేసే ఇలాంటి వ్యాపారమే చేసిన హైదరాబాదు సంస్థ ఒకటి 5 కోట్ల డాలర్లకు పైగా కట్టాలని 2019లో అమెరికా కోర్టు తీర్పిచ్చింది, గుర్తుందా? అయినా ఈ లేఖలు ఆగవు. నాకు ఒక్క క్షణం మనసు లాగింది కూడా. నీకు కాబట్టి చెబుతున్నాను.

ఇంకో తమాషా. ఎన్‌ఎంసీ, అదే జాతీయ వైద్య కమిషన్, 2022లో తెచ్చిన నిబంధనల్లో ప్రమోషన్‌కు ఒంటరి కేసు రిపోర్టు లెక్కలోకి రాదన్నారు, కేసులు వరుసగా కూర్చి రాస్తే వస్తుందన్నారు. ఇలాంటి భర్తలను ఇంకా నలుగురిని ఎక్కడినుంచి తేవాలి? ఈ మాట చెప్పగానే రచయితల జాబితాలో చేరతానన్న ఇద్దరు తప్పుకున్నారు. అదొక లాభం.

ఇప్పుడు అసలు కథ. (ఇంతసేపూ అసలు కథే అనుకున్నావా?) అనుమతి సంతకం కోసం ఆవిడను పిలిచాను. జబ్బుగా ఉన్నప్పుడు అడగలేదు, కుదుటపడి, తన మంచిచెడ్డలు తాను తేల్చుకోగలిగాకే అడిగాను. ఆయన పెన్ను అందుకున్నాడు, నేను పెడతానండీ అని. ఆవిడ ఆపింది. ‘నా గురించి కదా, నాకు చదివి వినిపించండి.’

ఇంగ్లీషులో రాసింది తెలుగులో చెప్పుకుంటూ పోయాను. ఒకచోట, భర్త మారిపోయాడని ‘ఆరోపించింది’ అని నా నోట వచ్చింది. ‘అంటే నేను అబద్ధమాడాననా?’ అంది. కాదమ్మా, మీకు నిజంగా అలాగే కనిపించిందని. ‘మరి అలాగే రాయండి.’ సూరీ, మనం రోజుకు ఇరవైసార్లు కేసు షీట్లలో రాసే మాట అది. ఇంతవరకు ఒక్కరూ నన్ను అడగలేదు, ఎందుకంటే ఒక్కరికీ చదివి వినిపించలేదు.

తరువాత అడిగింది, ఇది ఎవరు చదువుతారని. నేను ఛాతీ విరుచుకుని, ప్రపంచంలో ఎవరైనా, పైసా కట్టకుండా, ఫోనులోనే చదవవచ్చని చెప్పాను. అప్పటికి నా మనసులో ఉన్నది అందరికీ తెరిచి ఉంచే పత్రికే. క్యాంటీనులో టీ చల్లారిపోయేదాకా నీకు దంచిన ఉపన్యాసం గుర్తుందిగా, విజ్ఞానానికి తలుపులు ఉండకూడదని! ఆవిడ మొహం మాడిపోయింది. ‘మా మరిది కూడానా?’

నా దగ్గర జవాబు లేదు.

‘డబ్బు కట్టి చదివేది ఏదీ లేదా బాబూ?’

ఆ రాత్రి కూర్చుని మొదటి నుంచి ఆలోచించాను. మన మానసిక వైద్యుల సంఘం రాష్ట్ర శాఖ పత్రిక ఉంది, మర్యాదైనది, చప్పున చూస్తారు. కానీ చదివేది చుట్టుపక్కల జిల్లాల వాళ్లే. వ్యాసం తలమీదే మా ఆసుపత్రి పేరు, ఊరు ఉంటాయి. వయసు, వృత్తి తోడైతే ఆవిడ వీధి పేరు రాసినట్టే. పేరు తీసేస్తే గోప్యత అయిపోయిందనుకునేవాడిని, ఎంత తెలివితక్కువతనం! మరిది చదువుతాడని కాదు, చదవగలడన్న భయంతో ఆవిడ బతకాలి కదా. నేనేమో ఇంపాక్ట్ ఫ్యాక్టర్లు పోల్చి పట్టిక గీసుకున్నాను, రంగులు కూడా వేసి.

చివరికి చందాదారులకే తెరుచుకునే ఒక దూరపు పత్రికను పట్టుకున్నాను. రచయిత దగ్గర రుసుము లేదు, కాకపోతే ఉత్తరం రూపంలోనే తీసుకుంటారు. 1,800 మాటలు 700 అయ్యాయి. వయసు బదులు ‘మధ్యవయస్కురాలు’. వృత్తి పోయింది. వివరాలు మార్చి రాయమని మా జూనియర్ సలహా, అది నాకు నచ్చలేదు. తీసేయడం వేరు, కల్పించడం వేరు. మొదటి పంక్తి మాత్రం చందా లేనివాళ్లకూ కనపడుతుందని ఆవిడకు చెప్పాను, దాచలేదు. ‘ఒక్క పంక్తేగా’ అంది.

ఇంకొక్క సంగతి తీసేయమంది. నా దృష్టిలో మొత్తం రిపోర్టులో అన్నింటికన్నా మంచి ముక్క అదే. ఏమిటో నీకు కూడా చెప్పను. పైన నీకు రాసినదంతా ఆవిడ ఉండనివ్వండి అన్నదే. ఫోను సంగతి ఉంచాలా అని అడిగితే, ‘అది ఉండాలి, ఆయన గొంతు నేను మరచిపోలేదని తెలియాలి’ అంది. ఆయన కిటికీ వైపు తిరిగాడు.

సంతకం పెట్టి, కింద తన చేత్తో ‘చదివించుకుని విన్నాను’ అని రాసింది. ఫారంలో అలాంటి గడి లేదు.

పెద్దసారుకు పత్రిక పేరు చెబితే ‘ఇదేమిటయ్యా, ఎవరూ చదవరు’ అన్నారు. అదే కదా సార్ కావలసింది అని అనబోయి మానుకున్నాను. నిన్న రాత్రి పంపించాను. కేసు రిపోర్టులో ఏమేం ఉండాలో చెప్పే కేర్ పట్టికలో 13 అంశాలూ పెన్సిలుతో టిక్కు పెట్టుకుని మరీ. ఎడిటరు ఏమంటాడో, మళ్లీ కొత్తదనం లేదంటే మాత్రం నేను

వార్డు నుంచి పిలుపు, ఎవరో మంచం దిగి పారిపోయారట. పచ్చ చొక్కా గురించి నువ్వు అడిగినదానికి జవాబు, అవును, ఇంకా ఉంది. పోస్టు చేసేస్తున్నాను, లేకపోతే ఇది కూడా

నీ
కాకి