మా వీధి గోడ మీద లంగర్ బొమ్మ: సంగత్ వారికి కృతజ్ఞతలు

ఆటో ఎక్కినప్పుడల్లా "గురుద్వారా జంక్షన్" అని చెప్పి దిగేదాన్నే గానీ, ఇన్నేళ్లలో ఆ గురుద్వారా లోపలికి వెళ్లింది ఈ మధ్యే. వెళ్లాక అక్కడి సంగత్ వారు, అంటే గురుద్వారాకు వచ్చే సిక్కు భక్తులు, మాకు చేసిన సాయం నలుగురికీ చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

విశాఖ సీతమ్మధారలో మా వీధి పిల్లలకు ఆదివారాలు డ్రాయింగ్ నేర్పుతాను. వీధి చివర పొడవాటి ప్రహరీ గోడ ఉంది. అక్కడ చెత్త వేయడం అందరికీ అలవాటైపోయింది. దాని మీద పెద్ద బొమ్మ వేద్దామనుకున్నప్పుడు, గురుద్వారాలో అందరికీ ఉచితంగా వడ్డించే లంగర్‌లో ఒకసారి భోంచేసి వచ్చిన ఓ పాప "అందరూ వరసగా కూర్చుని తింటారు టీచర్, అది వేద్దాం" అంది. సరే, ముందు వాళ్లను అడుగుదామని తలకు రుమాళ్లు కట్టుకుని పిల్లలతో వెళ్లాను. మేం మాట మొదలుపెట్టకముందే పంగత్‌లో, అంటే భోజనాల వరసలో, కూర్చోబెట్టి వడ్డించారు.

మా ఆలోచన విని సంతోషించారు. రెండే మాటలు చెప్పారు. సిక్కు గురువుల బొమ్మలు, గుర్బానీ (గురువుల వాక్కులు) అక్షరాలు మాత్రం వద్దు, వీధి గోడ కదా, దుమ్ము పడుతుంది, ఎవరైనా కాలు ఆనించి నిలబడతారు అన్నారు. నాకు తట్టని సంగతి అది.

మర్నాటి నుంచి రోజూ నలుగురైదుగురు వచ్చేవారు. పాత సున్నం గీకారు, లప్పం పెట్టారు, సరుగుడు కర్రలతో పరంజా కట్టారు. సముద్రపు గాలికి ఉప్పు తేలిన చోట రెండుసార్లు గీకాల్సి వచ్చింది. విసుక్కున్నవాళ్లు ఒక్కరూ లేరు. ప్రైమర్ వేసిన రాత్రే వాన మొదలైతే నాకు ఒకటే టెన్షన్. ఫోన్ చేసిన అరగంటలో టార్పాలిన్లు తెచ్చి కప్పేశారు.

పిల్లలు తలపాగాను బంతిలా గీశారు. అది చూసి ఒక తాతగారు ఐదారు మీటర్ల గుడ్డ తెచ్చి, ఒక కొస మా పిల్లాడి చేతికిచ్చి, రెండో కొస తాను లాగి పట్టుకుని పొడవునా మడత పెట్టించారు. దాన్ని పూణీ అంటారట. తర్వాత మనవడి తలకు నిదానంగా చుట్టి, ఏ మడత మీద ఏ మడత వస్తుందో వేలితో చూపించారు. ఇప్పుడు గోడ మీదున్న తలపాగాల్లో ఆ మడతలు లెక్కపెట్టుకోవచ్చు. రొట్టె అందుకునే జాలరి అమ్మకు మేం ఒక్క చెయ్యే వేశాం. పర్షాదా, అంటే లంగర్ రొట్టె, రెండు చేతులూ చాపి తీసుకోవాలని ఒక అక్క చెబితే రెండో చెయ్యి కూడా వేశాం. బొమ్మ మొత్తంలో నాకు బాగా నచ్చింది ఆ చేతులే.

1699 వైశాఖి నాడు ఆనంద్‌పూర్‌లో సిక్కుల పదో గురువు గురు గోబింద్ సింగ్ అడిగితే తల ఇస్తామని లేచిన ఐదుగురిలో ఒకరు పూరీ నుంచి, ఒకరు బీదర్ నుంచి వచ్చారని తాతగారే చెప్పారు. "పూరీ మన పక్కనే కదా!" అని పిల్లలు బొమ్మలోని సముద్రాన్ని గోడ చివరిదాకా లాగేశారు.

కింద మీ అందరి పేర్లు రాస్తామంటే ఒప్పుకోలేదు. "సేవకు పేరెందుకమ్మా, పిల్లల పేర్లు రాయండి" అన్నారు. అందుకే ఇక్కడా ఎవరి పేరూ రాయడం లేదు. పొద్దున్నే వచ్చి గోడ గీకిన అన్నలకు, టీ ఫ్లాస్కులు మోసుకొచ్చిన అక్కలకు, తాతగారికి మా వీధి తరఫున చేతులెత్తి నమస్కారం.

గురునానక్ జయంతి, మన కార్తీక పౌర్ణమి ఒకే రోజు. ఆ సాయంత్రం గోడ ముందు పిల్లలు దీపాలు పెడతారు, మీరంతా రావాలి. టార్పాలిన్లు కడిగి మేడ మీద ఆరేశాం. ఆదివారం తెచ్చి ఇస్తాం.