మెషిన్ వాళ్లకి, హ్యాండిల్ మాకు

సంపాదకులకు,

ఉద్యోగం ఇచ్చేముందు కుర్రాళ్లు పదిహేడు, పద్దెనిమిదేళ్లప్పుడు పెట్టిన రాజకీయ పోస్టులు కూడా తవ్వి చూడాల్సిందేనని మొన్న మీ పేజీలో ఒకాయన రాసిన ఉత్తరం చదివి నవ్వొచ్చింది. ఆ లెక్కన నన్ను గుమస్తాగా కూడా ఎవరూ తీసుకునేవారు కాదు.

పంతొమ్మిదో ఏట నేనొక విప్లవ సంస్థలో ఉన్నాను. ప్రపంచాన్ని మార్చడానికి మొత్తం పదకొండు మందిమి, ఒక గది, హ్యాండిల్ తిప్పి కరపత్రాలు అచ్చేసే ఒక సైక్లోస్టైల్ మెషిన్. స్టెన్సిల్ మీద ఇనుప కలంతో గీకి రాయాలి, తప్పు పడితే మందు పూసి, ఊది ఆరబెట్టి, మళ్లీ రాయాలి. అంత ఓపిక నాకెక్కడిది? అందుకే మా తొలి కరపత్రంలో 'వర్గ పోరాటం' కాస్తా 'వర్ష పోరాటం'గా అచ్చయింది, వానల కోసమా బాబూ అని ఒక పెద్దాయన ఎంతో ఆసక్తిగా అడిగాడు కూడా. ఇంకో రాత్రి 'విప్లవం వర్ధిల్లాలి' అని గోడ మీద మరీ పెద్ద అక్షరాలతో మొదలుపెడితే 'వర్ధి' దగ్గర గోడ అయిపోయింది. మిగతాది పక్క గోడ మీద రాద్దామంటే, ఆ ఇంటి యజమాని ఏ వర్గమో తేల్చేసరికి తెల్లారింది.

తర్వాత, అందరిలాగే, చీలిపోయాం. సభ్యుడంటే చందా ఇచ్చేవాడా, పనిచేసేవాడా అని తగువు. 1903లో రష్యన్ పార్టీ మహాసభలోనూ సభ్యత్వ నిబంధన మీదే గొడవ, ఆ ఓటింగులో 28–22తో ఓడిపోయింది లెనినే, కాకపోతే తర్వాత కొందరు ప్రతినిధులు వాకౌట్ చేయడంతో ఆయన వైపు ఎక్కువమంది మిగిలి, అధిక సంఖ్యాకులన్న అర్థంలో 'బోల్షెవిక్కులు' అన్న పేరొచ్చింది. ఈ చరిత్ర బాగా చదివిన ఎదుటి పక్షం నాయకుడు, మాలో ఇద్దరు బాత్రూంకి వెళ్లిన సమయం చూసి ఓటింగ్ పెట్టేశాడు. మెషిన్ ఆ ఐదుగురికి పోయింది. మేం ఆరుగురం ఊరుకుంటామా, దాని హ్యాండిల్ ఊడదీసుకుని వచ్చేశాం. ఆ తర్వాత రెండు పక్షాల నుంచీ ఒక్క కరపత్రమూ రాలేదు.

ఓటు వేయడం ద్రోహమని రాసినవాణ్ణి, ఆ తర్వాత ఒక్క ఎన్నికా మానలేదు. ఆ రాతలన్నీ చెదలు తినేశాయి కాబట్టి బతికిపోయాను. ఇప్పటి పిల్లలకి ఆ చెదల సాయం లేదు. ఐరోపాలో అయితే పాత లింకులు తీసేయమని సెర్చ్ ఇంజిన్లను అడిగే హక్కుందని 2014లో అక్కడి కోర్టు చెప్పింది, 2018లో అమల్లోకి వచ్చిన డేటా చట్టంలో చెరిపించుకునే హక్కే పెట్టారు. మనం మాత్రం తవ్వడానికి పలుగులు పంచుతున్నాం. బెదిరింపులు, దాడులు వేరే సంగతి, వాటికి పోలీసులున్నారు. నేననేది నోటి దురద గురించి.

ఆ హ్యాండిల్ ఇంకా నా దగ్గరే ఉంది. ఉత్తరం రాసినాయన పట్టుదల చూస్తే ఆ ఐదుగురిలో ఒకడేమోనని అనుమానం. మెషిన్ గనక ఉంటే కబురు చేయమనండి.

– ఒకప్పటి కార్యదర్శి, ఇప్పటి మీ పాఠకుడు