నడిచే బుల్లి మోడల్ ఇంజన్ల తయారీలో మొదటి ఇంజన్‌గా ఏది మొదలుపెట్టాలి?

కొత్తగా చేరినవాళ్లంతా ఇదే అడుగుతున్నారు కాబట్టి ఒకేసారి రాస్తున్నాను. పెట్రోల్ ఇంజన్ జోలికి ఇప్పుడే వెళ్లకండి. స్పార్క్, కార్బ్యురేటర్, రింగులు, కంప్రెషన్... దేనివల్ల స్టార్ట్ కావడం లేదో తెలియక తల పట్టుకుంటారు. స్టిర్లింగ్ (బయటి వేడికి లోపలి గాలి వ్యాకోచించి నడిచే ఇంజన్) చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ రాపిడి కాస్త ఎక్కువైనా మొండికేస్తుంది.

నా ఓటు ఆసిలేటింగ్ స్టీమ్ ఇంజన్‌కే. వేరే వాల్వులు ఉండవు. సిలిండరే పివట్ మీద అటూ ఇటూ ఊగుతూ, తన రంధ్రాన్ని ఒకసారి ఇన్‌లెట్‌కి, ఇంకోసారి ఎగ్జాస్ట్‌కి ఎదురుగా తెస్తుంది. కాస్టింగులు (పోత పోసిన భాగాలు) అక్కర్లేదు, ఇత్తడి రాడ్డు, ఎంఎస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు ముక్కలు చాలు. ఆటోనగర్ వైపు వెళ్తే స్క్రాప్‌లో వెతుక్కోవచ్చు. బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) 12 మి.మీ. పెట్టుకోండి. మరీ బుల్లిది సులువనుకుంటారు, అదే కష్టం!

దీని ప్రాణమంతా పోర్ట్ ఫేస్‌లో, అంటే సిలిండర్ రంధ్రం ఉండే చదును ముఖంలో ఉంది. మందపాటి అద్దం మీద 600 నంబర్ ఎమరీ పేపర్ పరిచి, రెండు చుక్కల నూనె వేసి, ఎనిమిది అంకె తిప్పినట్టు రుద్దండి. మెరుపు చూసి మురిసిపోవద్దు. ముందే మార్కర్‌తో అడ్డంగా, నిలువుగా గీతలు గీసుకోండి. అన్నీ ఒకేలా చెరిగితేనే ఫేస్ చదునుగా వచ్చినట్టు. మూల గీత మిగిలిందా, గాలి అక్కడినుంచే పోతుంది.

ముందు ఆవిరి కాకుండా కంప్రెసర్ గాలితోనే తిప్పండి, 1–2 బార్ చాలు. బాయిలర్ సంగతి తర్వాత. అన్నట్టు, ఎంఎస్ ముక్కలకు రాత్రి నూనె రాసి పెట్టండి, తుప్పు పట్టించే మన వైజాగ్ ఉప్పు గాలి సంగతి తెలిసిందే కదా. డ్రాయింగ్ కావాల్సినవాళ్లు మీ లేత్ సైజు ఇక్కడ రాయండి.